ఉప్పు తోడుంటేనే చక్కెరకు దారి

పోయిన నెల ఇదే పేజీలో కణం చుట్టూ ఉండే పొర గురించి నాలుగు మాటలు రాశాను. అది కొవ్వు పదార్థం రెండు వరుసలుగా పేరుకుని ఏర్పడిన పొర అని, మందం మిల్లీమీటరులో లక్షో వంతు కూడా ఉండదని, అయినా లోపలికి ఏది రావాలో బయటికి ఏది పోవాలో తేల్చేది అదేనని చెప్పాను. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. వంటింట్లోంచి, మిద్దెతోటలోంచి, స్కూలు బెంచీ మీంచి కూడా వచ్చాయి. ఒక తల్లి రాసిన ఉత్తరం ముందు పెడుతున్నాను, దానికి జవాబు కూడా కాస్త పొడుగ్గానే ఉంటుంది, పిల్లలున్న ప్రతి ఇంట్లో తెలిసి ఉండాల్సిన సంగతి అది.

ప్రశ్న: మా బాబుకి మూడేళ్లు. ఈమధ్య విరేచనాలు పట్టుకుంటే రెండు రోజులు గ్లూకోజ్ పొడి కలిపిన నీళ్లు, మధ్యమధ్యలో షాపులో దొరికే జ్యూస్ ప్యాకెట్లు ఇచ్చాం. వాడు బాగా నీరసపడిపోయాడు. డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తే "ఓఆర్ఎస్ ఎందుకు పట్టలేదమ్మా" అని గట్టిగానే అన్నారు. అదీ ఇదీ తియ్యటి నీళ్లే కదండీ, అంత తేడా ఏముంది? ఉప్పు వేస్తే దాహం ఇంకా పెరుగుతుందని మా అత్తగారు అంటారు. — ఒక తల్లి, తణుకు

జవాబు: తేడా చాలా ఉందమ్మా. ఓఆర్ఎస్ అంటే ఉప్పు, గ్లూకోజ్ కొలత ప్రకారం కలిపిన నీళ్లు. మీరిచ్చిన వాటిలో చక్కెర ఉంది, నీళ్లున్నాయి, చాలినంత ఉప్పు లేదు. ఆ ఉప్పు లేకపోవడం వల్లే మిగతా రెండూ పేగులోంచి ఒంట్లోకి సరిగ్గా చేరలేదు. ఇందులో మీ తప్పు పట్టడానికి ఏమీ లేదు, ఇలా ఎందుకవుతుందో మనలో చాలామందికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

పేగు లోపలి గోడంతా కణాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. వాటి పొర కొవ్వు పొర కాబట్టి ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువులు అందులోంచి సులువుగా దూరిపోతాయి. గ్లూకోజ్ అలా దూరలేదు, అది నీళ్లతో కలిసే రకం, కొవ్వుతో దానికి పొసగదు. ఉప్పులో ఉండే సోడియం సంగతి ఇంకా కష్టం, దానికి విద్యుదావేశం ఉంటుంది. ఇలాంటి వాటి కోసం పొరలో అక్కడక్కడా ప్రొటీన్లతో చేసిన తలుపులుంటాయి, దేని తలుపు దానిదే. పేగులో గ్లూకోజ్ లోపలికి వచ్చే ముఖ్యమైన తలుపు పేరు ఎస్‌జీఎల్‌టీ1. దానికొక షరతు ఉంది. రెండు సోడియం అయాన్లు, ఒక గ్లూకోజ్ అణువు కలిసి వస్తేనే అది లోపలికి తీసుకుంటుంది. గ్లూకోజ్ ఒక్కటే ఎంతసేపు నిలబడినా లాభం లేదు. ఉప్పూ చక్కెరా అలా కలిసి లోపలికి వెళ్తే వాటి వెనకే నీళ్లు వెళ్తాయి, ఎందుకంటే కరిగిన పదార్థాలు ఎటువైపు ఎక్కువుంటే నీళ్లు అటే జరుగుతాయి. బాబుకి కావలసింది ఆ నీళ్లే.

మరి సోడియానికి లోపలికి రావాలన్న తొందర ఎందుకు? కణం బయట అది ఎక్కువ, లోపల తక్కువ, బయట 140 పాళ్లుంటే లోపల పదో పదిహేనో ఉంటుంది. ఆ తేడా ఊరికే ఉండిపోదు, కణం అనుక్షణం శక్తి ఖర్చుపెట్టి కాపాడుకోవాలి. పొరలోనే ఉన్న ఇంకో ప్రొటీన్ పంపులాగా పని చేస్తూ ప్రతి విడతకీ మూడు సోడియంలను బయటికి తోసి రెండు పొటాషియంలను లోపలికి లాగుతుంది, దానికి ఒక ఏటీపీ అణువు ఖర్చవుతుంది, ఏటీపీ అంటే కణం తన పనులకి వాడుకునే ఇంధనం లాంటిది. డెన్మార్క్ శాస్త్రవేత్త జెన్స్ స్కౌ పీత కాలి నరాల మీద పని చేస్తూ 1957లో ఈ పంపును కనిపెట్టాడు, నలభై ఏళ్ల తర్వాత 1997లో నోబెల్ వచ్చింది. ఇక ఆ ఏటీపీ సంగతి చెప్పకుండా ముందుకెళ్లలేను. దాన్ని 1929లో జర్మనీలో లోమన్, అదే కాలంలో అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు విడివిడిగా గుర్తించారు. సుబ్బారావు గారి అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయారు, ఆయనా దాని బారిన పడి బతికారు. తిన్నది పేగులోంచి ఒంటికి పట్టకపోవడమే ఆ జబ్బు. మీ ఊరికి భీమవరం ఎంతో దూరం లేదు కాబట్టి బాబు పెద్దయ్యాక ఈ సంగతి వాడికి చెప్పండి.

ఇప్పుడు విరేచనాల దగ్గరికొద్దాం. కలరానే తీసుకోండి, ఇందులో అన్నిటికన్నా తీవ్రమైనది అదే. కలరా క్రిమి వదిలే విషం పేగు కణాల్లో క్లోరైడ్ తలుపును తెరిచేసి మూతపడకుండా చేస్తుంది. క్లోరైడ్ పేగులోకి పోతుంది, దాని వెంట సోడియం, ఆ రెండిటి వెంట నీళ్లు. తీవ్రంగా ఉన్నప్పుడు గంటకు లీటరు దాకా పోతుంది. కానీ అంత జరుగుతున్నా ఉప్పూ చక్కెరా కలిసి వచ్చే ఆ తలుపు మాత్రం పాడవదు. ఒకవైపు కారిపోతున్నా ఇంకోవైపు నుంచి లోపలికి పంపించే వీలుంది. వైద్యం మొత్తం ఈ ఒక్క సంగతి మీద నిలబడింది. సోడియం, గ్లూకోజ్ కలిసే లోపలికి వెళ్తాయన్న మాటను రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్ నగరంలో జరిగిన శాస్త్రవేత్తల సమావేశంలో చెప్పాడు. పదకొండేళ్ల తర్వాత, 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన కాందిశీకులతో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరం నిండిపోయింది, కలరా చుట్టుముట్టింది, సెలైన్ సీసాలు చాలలేదు. అక్కడ ఉన్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, సోడా బైకార్బొనేట్ కొలిచి నీళ్లలో కలిపి డ్రమ్ముల్లో పెట్టించి, రోగుల బంధువుల చేతే పట్టించారు. అంతకుముందు నూటికి ముప్ఫై మంది చనిపోతుంటే ఆ శిబిరంలో అది నాలుగు లోపుకి వచ్చింది. ఆయన 2022లో పోయారు, మరుసటి ఏడు పద్మవిభూషణ్ ఇచ్చారు. బతికుండగా ఇచ్చి ఉంటే బాగుండేదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

జ్యూస్ ఎందుకు మంచిది కాదో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి చెబుతున్న కొలత ప్రకారం లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, సిట్రేట్ 2.9 గ్రాములు ఉండాలి. బరువులో కాకపోయినా అణువుల లెక్కలో చూస్తే సోడియం, గ్లూకోజ్ అందులో సమానంగా, 75కి 75గా వస్తాయి. మామూలు కూల్‌డ్రింకులో లీటరుకు చక్కెర వంద గ్రాములు దాటుతుంది, జ్యూస్ ప్యాకెట్లు కూడా దానికి దగ్గర్లోనే ఉంటాయి. అంత చక్కెర పేగులో పడితే, తలుపు దాటలేక మిగిలిపోయినదంతా ఒంట్లోని నీళ్లను పేగులోకి లాగేస్తుంది. విరేచనాలు తగ్గకపోగా పెరుగుతాయి. ఇలాంటి తియ్యటి పానీయాలే ఓఆర్ఎస్ అన్న పేరు పెట్టుకుని అమ్ముడవుతుంటే హైదరాబాద్‌లోని పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ, సరైన కొలతల్లో లేని పానీయాలు ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. కాబట్టి అమ్మా, మందుల షాపులో అడిగేటప్పుడు "డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా" అని ప్యాకెట్ మీద ఉందో లేదో చూసి తీసుకోండి.

లీటరు ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలిపేయాలి. అరప్యాకెట్ ఇప్పుడు, అరప్యాకెట్ రేపు అంటే కొలత తప్పుతుంది. చిన్న గ్లాసుకి సరిపోయే ప్యాకెట్లు వేరే ఉంటాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. మూడేళ్ల బాబుకి నీళ్ల విరేచనం అయిన ప్రతిసారీ వంద నుంచి రెండు వందల మిల్లీలీటర్లు పట్టొచ్చు, వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ చెంచాతో మెల్లగా పట్టండి. తిండి మాన్పించకండి. జింక్ మందు డాక్టరు రాస్తే విరేచనాలు ఆగిపోయినా చెప్పినన్ని రోజులూ వాడండి.

ఇంట్లో ప్యాకెట్ లేని వేళ ఉప్పేసిన గంజి, ఉప్పేసిన పల్చటి మజ్జిగ మంచివే. గంజిలోని పిండి పదార్థం పేగులో మెల్లమెల్లగా గ్లూకోజ్‌గా విడిపోతుంది, అందుకని ఒక్కసారిగా నీళ్లను లాగే బాధ ఉండదు, ఉప్పు ఎలాగూ తోడుంటుంది. మన పెద్దవాళ్లు జబ్బు మనిషికి ఉప్పుగంజి పోయడం ఎంత సరైన పనో! మీ అత్తగారి మాటలోనూ కొంత నిజం ఉంది, ఉప్పు మరీ ఎక్కువైతే ప్రమాదమే, అందుకే ఇంట్లో కలిపేటప్పుడు రుచి చూడండి, కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు. నా చిన్నప్పుడు మా వీధిలో విరేచనాలవుతున్న పిల్లలకి "నీళ్లు తాగితే ఇంకా పోతాయి" అని గుక్కెడు నీళ్లు కూడా ఇచ్చేవాళ్లు కాదు. ఎండిపోయిన ఆ పెదాలు నాకింకా గుర్తే. కళ్లు లోతుకుపోయినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, మగతగా పడుకున్నా, విరేచనంలో రక్తం కనబడినా ఇంట్లో ప్రయత్నాలు చేస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లిపోండి.

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. ఆరు నెలల క్రితం షుగర్ మాత్ర మార్చారు. రక్తంలో షుగర్ ఇప్పుడు బాగానే ఉంది కానీ మూత్రం పరీక్షలో షుగర్‌కి మూడు ప్లస్సులు వచ్చాయి. రిపోర్టు చూసినవాళ్లంతా భయపెడుతున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. — రిటైర్డ్ ఉద్యోగి, హనుమకొండ

జవాబు: మాత్ర చీటీ మీద డాపాగ్లిఫ్లోజిన్ అనో ఎంపాగ్లిఫ్లోజిన్ అనో ఉందేమో చూడండి సార్. ఉంటే ఆ మూడు ప్లస్సులు మాత్ర పని చేస్తోందనడానికి గుర్తు.

పైన తణుకు అమ్మగారికి చెప్పిన తలుపుకి మూత్రపిండాల్లో తోబుట్టువు ఒకటుంది, పేరు ఎస్‌జీఎల్‌టీ2. మన మూత్రపిండాలు రోజుకి దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి, ఆ వడకట్టిన దాంట్లో రమారమి 180 గ్రాముల గ్లూకోజ్ వచ్చేస్తుంది. అదంతా మూత్రంలో పోకుండా వెనక్కి లాగేవి ఈ తలుపులే, అందులో నూటికి తొంభై పాళ్లు ఎస్‌జీఎల్‌టీ2 చేతి మీదుగానే జరుగుతుంది. మీ మాత్ర ఆ తలుపుకి అడ్డం పడుతుంది. వెనక్కి రాలేని చక్కెర మూత్రంలోకి వెళ్లిపోతుంది, రక్తంలో తగ్గుతుంది. 1835లో ఆపిల్ చెట్టు వేరు బెరడులోంచి ఫ్లోరిజిన్ అనే చేదు పదార్థాన్ని తీశారు, అది ఇలా మూత్రంలోకి చక్కెరను పంపిస్తుందని తర్వాత తెలిసింది, ఈ మందులన్నిటికీ మూలం అదే. అంతకాలం తర్వాత ఒక చెట్టు బెరడు మన మాత్రల డబ్బాలోకి వచ్చిందంటే నాకు చాలా ఆశ్చర్యంగా ఉంటుంది.

రెండు జాగ్రత్తలు మాత్రం మర్చిపోకండి. మూత్రంలో చక్కెర ఉంటే మూత్రం వచ్చేచోట ఫంగస్ పట్టే అవకాశం ఎక్కువ, శుభ్రంగా ఉంచుకోండి, దురద మొదలవగానే సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పండి. వాంతులు విరేచనాలు పట్టుకున్నప్పుడు, ఆపరేషన్ ముందు, రోజంతా ఉపవాసం ఉండేటప్పుడు ఈ మాత్ర ఆపాలా వద్దా అని ఫోన్ చేసైనా అడగండి, ఎందుకంటే అలాంటి సమయంలో రక్తంలో కీటోన్ ఆమ్లాలు పెరిగే ప్రమాదం ఉంది, అది షుగర్ రీడింగ్ మామూలుగా ఉన్నా రావచ్చు. మాత్ర వేరేదైతే, ఇదే రిపోర్టు తీసుకుని ఈ వారంలోనే డాక్టరుని కలవండి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాను. అమ్మ వీడియో కాల్‌లో చెబుతుంటే మొదటిసారి ఆవకాయ పెట్టాను. మొదటి రోజు ముద్దలాగా పొడిగా ఉండి, మూడో రోజు కలిపేసరికి ఇంత ఊట ఎక్కడినుంచి వచ్చిందో తెలియలేదు. నేను చుక్క నీళ్లు పోయలేదు. ఇదంతా ద్రవాభిసరణే అని మా ఆయన అంటారు, నిజమేనా? — ఒక పాఠకురాలు, అమెరికా

జవాబు: మీ ఆయన చెప్పింది సగం వరకు నిజం, మిగతా సగం ఇంకా బాగుంటుంది.

మామిడి ముక్కలో ప్రతి కణం నీళ్లతో నిండి బిగుతుగా ఉంటుంది, కొరికితే కరకరలాడేది అందుకే. బయట ఉప్పు, కారం, ఆవపిండి కలిసిన ముద్దలో కరిగిన ఉప్పు చాలా చిక్కగా ఉంటుంది. కణత్వచం, అంటే కణం చుట్టూ ఉండే ఆ పొర, ఉప్పును తేలిగ్గా లోపలికి రానివ్వదు కానీ నీళ్లను వెళ్లనిస్తుంది, నీళ్లు చిక్కగా ఉన్న వైపుకి వచ్చేస్తాయి. అదే మీరు చూసిన ఊట. ద్రవాభిసరణ అక్కడివరకే. ఆ తర్వాత ఏం జరుగుతుందంటే, నీళ్లు పోయి, పైనుంచి పులుపు, ఉప్పు ఘాటు తగిలి ముక్కలోని కణాలు చనిపోతాయి. చనిపోయిన కణం పొర దేన్నీ ఆపలేదు. అప్పుడు ఉప్పూ కారం ముక్కలోకి దిగడం, ముక్కలోని పులుపు పిండిలోకి రావడం మొదలవుతుంది, ఇది మామూలు విసరణ, దానికి రోజులు పడుతుంది. మనం "ముక్క ఇంకా ఊరలేదు" అంటామే, అది ఈ రెండో దశ గురించి. ఊట ఊరడం, ముక్క ఊరడం, రెండింటికీ ఒకే మాట వాడతాం కానీ జరిగే పనులు వేరువేరు, పైగా నీళ్లు పోయేది బయటికి, ఉప్పు వచ్చేది లోపలికి.

క్రిములకి కూడా ఇదే గతి పడుతుంది. ఆవకాయలో పడ్డ బాక్టీరియాలోంచి నీళ్లు బయటికి పోతాయి, అది పెరగలేదు. అందుకే ముక్కలు కడిగాక గుడ్డతో తుడిచి తడి లేకుండా ఆరబెట్టమంటారు, తడి గరిటె పెట్టొద్దంటారు. జాడీలో ఒక్క చోట నీళ్లు పడితే ఆ చోట ఉప్పు పల్చబడి బూజుకి అవకాశం దొరుకుతుంది. పైన నూనె తేలేలా చూసుకోండి, గాలి తగలకుండా ఉంటుంది. డల్లాస్‌లో వచ్చే మామిడికాయ పులుపు తక్కువైతే ఉప్పు తగ్గించే ప్రయత్నం చేయకండి.

ప్రశ్న: సార్, నేను తొమ్మిదో తరగతి. మా స్కూల్లో గుడ్డును ఆమ్లంలో వేసి పెంకు కరిగించి, ఒకదాన్ని మంచినీళ్లలో, ఒకదాన్ని ఉప్పునీళ్లలో పెట్టారు. మొదటిది ఉబ్బింది, రెండోది ముడుచుకుంది. గుడ్డు చుట్టూ ఉన్నది కణత్వచమేనా? నీళ్లు కొవ్వు పొరలోంచి ఎలా వెళ్తాయి? — విద్యార్థిని, కరీంనగర్

జవాబు: రెండూ చాలా మంచి ప్రశ్నలు తల్లీ, మొదటిది చాలామంది పెద్దవాళ్లకి కూడా తట్టదు. గుడ్డు పెంకు కింద నీకు కనిపించే తెల్లటి పొర కణత్వచం కాదు. అది సన్నటి ప్రొటీన్ పోగులతో అల్లిన పొర, చేత్తో పట్టుకోగలుగుతున్నావంటేనే అర్థమవుతుంది కదా, కణత్వచమైతే కంటికే కనబడదు. నీళ్లను వెళ్లనిచ్చి, లోపలున్న పెద్ద ప్రొటీన్లను ఆపుతుంది కాబట్టి ద్రవాభిసరణ చూపించడానికి పనికొస్తుంది, అంతవరకే పోలిక. పరీక్షలో పుస్తకంలో ఉన్నట్టే రాయి, ఈ తేడా మాత్రం గుర్తుపెట్టుకో.

రెండో ప్రశ్న శాస్త్రవేత్తల్ని చాలా ఏళ్లు వేధించింది. నీటి అణువు చిన్నది కాబట్టి కొవ్వు పొరలోంచి కాస్త కాస్త దూరుతుంది. కానీ ఎర్ర రక్తకణాల్లో, మూత్రపిండాల్లో నీళ్లు కదిలే వేగం చూస్తే దానికి వేరే దారి ఉండి తీరాలనిపించేది. అమెరికాలో పీటర్ ఆగ్రే రక్తం మీద వేరే పని చేస్తుంటే ఒక తెలియని ప్రొటీన్ తగులుతూ ఉండేది. దాని జన్యు సందేశాన్ని కప్ప గుడ్డు కణాల్లోకి ఎక్కించి మంచినీళ్లలో వేస్తే అవి గబగబా ఉబ్బి పగిలిపోయాయి, ఎక్కించని గుడ్లు అలాగే ఉన్నాయి. 1992లో ఈ సంగతి ప్రకటించాడు, ఆ ప్రొటీనే అక్వాపోరిన్, నీళ్లకి మాత్రమే ఉన్న తలుపు. ఒక్క తలుపులోంచి సెకనుకి మూడు వందల కోట్ల నీటి అణువులు వరుసగా వెళ్తాయి! 2003లో నోబెల్ వచ్చింది. గుడ్డు ఉబ్బడం చూసి నువ్వు అడిగావు, గుడ్డు పగలడం చూసి ఆయనకి జవాబు దొరికింది.

ప్రశ్న: గ్యాస్ ట్యాబ్లెట్ అన్నం తిన్నాక వేసుకుంటే సరిగా పని చేయడం లేదు. పరగడుపున వేసుకుంటే కడుపు పాడవుతుందని భయం. — పాఠకుడు, నెల్లూరు

జవాబు: పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివైతే టిఫిన్‌కి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలండీ, దానివల్ల కడుపు పాడవదు. కడుపు గోడలోని కొన్ని కణాల్లో ఆమ్లాన్ని తోసే పంపులుంటాయి, పైన చెప్పిన సోడియం పంపుకి దగ్గర చుట్టం అది, ఇది కూడా ఏటీపీతోనే నడుస్తుంది. కణం లోపలికీ కడుపులోకీ ఆమ్లంలో తేడా పది లక్షల రెట్లు, అంత ఎగువకి తోసే పని ఇది. ఖాళీగా ఉన్నప్పుడు చాలా పంపులు కణం లోపలే చిన్న తిత్తుల్లో దాగుంటాయి, మనం తినడం మొదలుపెడితే పొర మీదికి వచ్చి పని అందుకుంటాయి. మీ మాత్ర పని చేస్తున్న పంపులకే అతుక్కుంటుంది, అదీగాక రక్తంలో గంటా రెండు గంటలకే సగం తగ్గిపోతుంది. తిన్నాక వేసుకుంటే ఆ సమయం దాటిపోయినట్టే. ముందే రక్తంలో సిద్ధంగా ఉండాలి. ఒక్కరోజులో పూర్తి గుణం కనబడదు, మూడు నాలుగు రోజులు చూడండి. కానీ డాక్టరుకి చూపించకుండా నెలలు, ఏళ్లు వేసుకుంటూ పోవద్దు, దీర్ఘకాలంలో బీ12, మెగ్నీషియం తగ్గొచ్చు.

ప్రశ్న: మిద్దెతోటలో మిరప మొక్క బాగా కాయాలని కుండీలో గుప్పెడు డీఏపీ వేశాను. మర్నాటికి వాడిపోయింది. నీళ్లు పోస్తూనే ఉన్నాను. — గృహిణి, గుంటూరు

జవాబు: నీళ్లున్నా మొక్క తాగలేకపోయింది. ఎరువు కరిగి మట్టిలోని నీళ్లు వేరు కణాల కంటే చిక్కగా అయిపోతే నీళ్లు వేరులోకి రావడం ఆగిపోయి, వేరులో ఉన్నవే బయటికి వస్తాయి, పైన చెప్పిన ఆవకాయ ముక్కలో లాగే. మట్టి మీద కనబడుతున్న గుళికలు ఏరేయండి. కుండీ అడుగు రంధ్రం తెరిచి ఉందో లేదో చూసి, పైనుంచి ధారాళంగా నీళ్లు పోసి కిందికి కారనివ్వండి, ఒక పూట ఆగి మళ్లీ అలాగే చేయండి. చిగురు పచ్చగా ఉంటే బతుకుతుంది. చౌడు నేలల్లో పంట రాకపోవడానికి ఉన్న పెద్ద కారణాల్లో ఇదొకటి. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవికి వెళ్తే మాత్రం తెల్లమడ ఆకు ఒకటి చూడండి, ఉప్పునీళ్లలో నిలబడే ఆ చెట్టు, ఒంట్లోకి వచ్చిన ఉప్పును ఆకుల మీద ఉన్న గ్రంథుల్లోంచి బయటికి తోసేస్తుంది. ఆ పనికి అది శక్తి ఖర్చుపెడుతుంది. మిరప మొక్కకి ఆ ఏర్పాటు లేదు.

ప్రశ్న: మా మనవరాలు అత్తిపత్తిని ముట్టుకుని ముట్టుకుని ఆడుతోంది. నరాలు లేని మొక్క ఎలా ముడుచుకుంటుంది? మళ్లీ లేవడానికి అంతసేపు ఎందుకు? — ఒక అమ్మమ్మ, అమలాపురం

జవాబు: అమ్మా, ఆకుకాడ మొదట్లో, ఈనె మొదట్లో చిన్న ఉబ్బెత్తులుంటాయి, మనవరాలికి చూపించండి. ముట్టుకోగానే మన నరాల్లో లాంటి విద్యుత్ సంకేతమే అక్కడికి పాకుతుంది. ఆ ఉబ్బెత్తులో ఒక వైపు కణాల్లో పొటాషియం, క్లోరైడ్ తలుపులు తెరుచుకుని అవి బయటికి వచ్చేస్తాయి, వెంటనే నీళ్లు కూడా. నీళ్లు పోయిన వైపు మెత్తబడి, ఆకు వాలిపోతుంది. తలుపు తీస్తే బయటికి పోవడం క్షణంలో పని, దానికి ఖర్చు లేదు. తిరిగి లేవాలంటే పోయిన పొటాషియాన్ని మళ్లీ లోపలికి లాక్కోవాలి, దానికి పంపులు ఏటీపీ ఖర్చుపెట్టి పని చేయాలి, తర్వాత నీళ్లు రావాలి. అందుకే పది ఇరవై నిమిషాలు పడుతుంది. ఈసారి గడియారం పెట్టి చూడమనండి, పొద్దున ఎండలో ఎంత సేపు, సాయంత్రం ఎంత సేపు అని రెండు మూడు రోజులు కాగితం మీద రాసుకుంటే, ఆ కాగితం నాకు పంపండి, వచ్చే నెల ఇక్కడ వేస్తాను.